పాత్రధారి పాపమెంత?

అన్యాయం జరిగిన ప్రతిచోటా రెండు ప్రశ్నలు పుడతాయి. దానికి చేతులుగా పనిచేసినవారెవరు? దానివల్ల లాభం పొందినవారెవరు? మొదటి ప్రశ్నకు సమాధానం తేలిక, ఎందుకంటే చేతులు కంటికి కనిపిస్తాయి. రెండవ ప్రశ్నకు సమాధానం వెతుక్కోవాలి. వెతకడానికి ఓపిక లేని విమర్శకుడు మొదటి సమాధానంతోనే తృప్తిపడి, కనిపించిన చేతులకు శిక్ష వేసి, తీర్పు చెప్పానని సంతోషిస్తాడు. కళారంగంలో ఈ పొరపాటు మరీ ఎక్కువ. అక్కడ పాత్రధారి ముఖం మన కళ్ళ ముందు వుంటుంది; ఆ పాత్రను రాసినవాడూ, డబ్బు పెట్టినవాడూ తెర వెనుక వుంటారు.

ఈ సంగతి నాకు పుస్తకాలవల్ల తెలిసింది కాదు. కిందటేడు మా కాలేజీలో విద్యార్థులకు 'గాన్ విత్ ది విండ్' అనే పాత అమెరికన్ చిత్రం చూపించాము. అమెరికా అంతర్యుద్ధం మీద తీసిన, దాదాపు నాలుగు గంటల చిత్రం అది. బానిస యజమానుల జీవితాన్ని పోయిన స్వర్గంలాగా చూపించే ఆ చిత్రాన్ని ఎలా విమర్శించాలో పిల్లలకు నేర్పడమే మా ఉద్దేశం. అందులో ప్రిస్సీ అనే బానిసపిల్ల వుంది. కాన్పు చేయడం తనకు బాగా తెలుసునని గొప్పలు చెబుతుంది. తీరా యజమానురాలి మరదలికి నొప్పులు వచ్చి, వైద్యుడు దొరకని సమయంలో, తనకేమీ తెలియదని సన్నని గొంతుతో ఏడుస్తూ ఒప్పుకుంటుంది. యజమానురాలు స్కార్లెట్ ఆ పిల్ల చెంప పగలగొడుతుంది. హాలంతా నవ్వింది. విమర్శ నేర్పడానికి వెళ్ళిన నేను కూడా నవ్వాను.

చిత్రం అయిపోయాక ఒక విద్యార్థిని నా దగ్గరకు వచ్చింది. ఆమె తల్లి నాలుగిళ్ళల్లో అంట్లు తోమి, బట్టలుతికి ఆమెను చదివిస్తోంది. "సార్, ఆ వేషం వేసినావిడకు తెలియదా, జనం దేనికి నవ్వుతారో?" అని అడిగింది. నేను వెంటనే ఏదో ఒకటి చెప్పాను. సామ్రాజ్యవాద సంస్కృతి అన్నాను, పెట్టుబడి చేతిలో కళ అన్నాను. అవన్నీ నిజాలే. కాని ఆ అమ్మాయి అడిగింది వాటిని గురించి కాదు. ఒక మనిషిని గురించి అడిగింది. ఆ మనిషి పేరు కూడా అప్పటికి నాకు తెలియదు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకు ఆలస్యంగా రాస్తున్న జవాబు.

ఆమె పేరు బటర్‌ఫ్లై మెక్వీన్. అసలు పేరు థెల్మా. 1911 జనవరిలో ఫ్లోరిడా రాష్ట్రంలోని టాంపా పట్టణంలో పుట్టింది. తండ్రి రేవులో సరుకులు ఎత్తి దింపే కూలీ. తల్లి ఇతరుల ఇళ్ళల్లో పనిచేసేది. థెల్మా నర్సు చదువు మొదలుపెట్టి, న్యూయార్కులో నాటకాలవైపు తిరిగింది. 1935లో షేక్‌స్పియర్ 'మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్'ను ప్రదర్శించినపుడు అందులో సీతాకోకచిలుకల నాట్యం చేసింది. బటర్‌ఫ్లై అన్న పేరు అప్పుడే అంటుకున్నది. 1937లో బ్రాడ్వే రంగస్థలం మీద అడుగుపెట్టింది. 1939లో, ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో, ప్రిస్సీ వేషం వేసింది. మార్గరెట్ మిచెల్ 1936లో ప్రచురించిన నవలలో ప్రిస్సీ చిన్నపిల్ల. ఎదిగిన స్త్రీ చేత పసిపిల్ల తెలివిని అభినయింపజేయడంలోనే సగం హాస్యం దాగివుంది.

ఆ తర్వాత పదేళ్ళలో హాలీవుడ్ ఆమెకు ఇచ్చినవి దాదాపు అన్నీ దాసి వేషాలే. 1945లో వచ్చిన 'మిల్‌డ్రెడ్ పియర్స్'లో కనిపించే పనిమనిషి ఆమే. కాని నటీనటుల జాబితాలో ఆమె పేరు వేయలేదు. 1946లో వచ్చిన 'డ్యూయల్ ఇన్ ది సన్'లో మళ్ళీ పనిపిల్ల. ఆ దశకం ముగిసేలోగా ఆమె అటువంటి వేషాలు ఇక వేయనని సినిమాలకు దూరమయింది. మొదటిసారి దాసి వేషం వేసినపుడు అభ్యంతరం అనిపించలేదనీ, ఈ వృత్తిలోకి రావడానికి అదే దారి అనుకున్నాననీ, అదే పని మళ్ళీ మళ్ళీ చేయవలసి వచ్చాక సహించలేకపోయాననీ తర్వాతి కాలంలో ఆమె చెప్పుకున్నది.

ఇక ఆమె మీద మోపే అభియోగాన్ని దాని పూర్తి బలంతో చూద్దాం. మాల్కమ్ ఎక్స్ తన ఆత్మకథలో ఒక సంగతి రాశాడు. మిచిగన్ రాష్ట్రంలోని మేసన్ అనే చిన్న పట్టణంలో ఈ చిత్రం చూస్తున్నపుడు హాలులో నల్లవాడు తానొక్కడే. ప్రిస్సీ తెరమీదికి వచ్చేసరికి సిగ్గుతో ఎక్కడైనా దాక్కోవాలనిపించిందట. ఈ సాక్ష్యాన్ని తోసిపుచ్చడానికి వీలులేదు. తెరమీద ఒక నల్లపిల్ల భయపడి కేకలు పెడితే, హాలులో వున్న నల్లకుర్రవాడి వైపు చుట్టూ వున్నవారు చూసే చూపు మారుతుంది. బొమ్మ కల్పితమే గాని దెబ్బ నిజం. చిత్రం విడుదలైన రోజుల్లోనే అమెరికన్ కమ్యూనిస్టు పార్టీ పత్రిక 'డెయిలీ వర్కర్' దానిని తీవ్రంగా ఖండించింది. నల్లజాతి పత్రికలూ ఖండించాయి. అవి చేసింది సబబైన పని. బానిసత్వం చల్లని నీడ అనీ, దాన్ని కూల్చడం దుర్మార్గమనీ చెప్పే చిత్రం ఖండించదగ్గదే.

కాని చిత్రాన్ని ఖండించడం నుంచి నటిని ఖండించడానికి ఒక్క అడుగే దూరం. ఆ అడుగు వేయవచ్చునా అన్నదే మన ప్రశ్న. ఇక్కడ సాధారణంగా రెండు వాదాలు వినిపిస్తాయి.

ఒక వాదం ప్రకారం తన జాతిని అవమానించే పాత్రను డబ్బుకోసం వేసిన నటి ఆ అవమానంలో భాగస్వామి. ఎవరూ ఆమె మెడమీద కత్తి పెట్టలేదు. ఒప్పుకున్నది, సంతకం చేసింది, జీతం తీసుకున్నది. రెండవ వాదం దీనికి పూర్తిగా విరుద్ధం. ఆమె కార్మికురాలు. తుపాకుల కర్మాగారంలో పనిచేసే కూలీని యుద్ధానికి బాధ్యుణ్ణి చేస్తామా? అలాగే సినిమా కర్మాగారంలో పనిచేసే నటిని ఆ సినిమా చెప్పే అబద్ధానికి బాధ్యురాలిని చేయకూడదు.

మొదటి వాదం వాస్తవాన్ని చూడదు. ఆనాటి హాలీవుడ్‌లో నల్లజాతి నటికి ఏ వేషాలు దొరికేవి? 1930లో రాసి 1934 నుంచి కచ్చితంగా అమలు జరిపిన నిర్మాతల నియమావళి తెల్లవారికీ నల్లవారికీ మధ్య ప్రేమను తెరమీద నిషేధించింది. అంటే ఆమె నాయిక కావడానికి దారి మూసేశారు. దక్షిణ రాష్ట్రాలలోని సినిమాహాళ్ళవాళ్ళు నల్లవారు గౌరవంగా కనిపించే దృశ్యాలను కత్తిరించి చూపేవాళ్ళు. ఆ హాళ్ళ టిక్కెట్ల డబ్బు పోగొట్టుకోవడం నిర్మాతలకు ఇష్టం లేదు. అంచేత కత్తెరకు వీలుగా వుండే చోట్లలోనే నల్లవారిని పెట్టేవారు. మిగిలినవి వంటగదీ, పెరడూ, పిల్లల ఊయలా. ఎన్నుకునే హక్కు ఉన్నవాడిని ఎందుకు ఎన్నుకున్నావని అడగవచ్చు. ఒకే తలుపు తెరిచిపెట్టి, ఆ తలుపులోంచి ఎందుకు వచ్చావని అడగడం న్యాయం కాదు.

ఐతే రెండవ వాదం కూడా నాకు పూర్తిగా రుచించదు. మన మిత్రులు చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆమె నిస్సహాయురాలు, వ్యవస్థ చేతిలో కీలుబొమ్మ అని జాలిపడి వదిలేస్తారు. ఆ జాలిలో కూడా చిన్నచూపు వుంది. నేరం చేయగల శక్తి లేదంటే, ఎదిరించగల శక్తి కూడా లేదన్నట్లే. బటర్‌ఫ్లై మెక్వీన్ కీలుబొమ్మ కాదు. పుచ్చకాయ తింటూ గింజలు ఉమ్మాలని చెబితే ఆమె చేయనన్నది. నల్లవారిని వెక్కిరించడానికి అమెరికాలో పుచ్చకాయ బొమ్మను ఎంతకాలంగా వాడుతున్నారో ఆమెకు తెలుసు. చెంపదెబ్బ దృశ్యంలో నిజంగా కొడితే అరవననీ, కొట్టినట్లు నటిస్తే ఎంత గట్టిగా కావాలంటే అంత గట్టిగా అరుస్తాననీ చెప్పానని ఆమె తర్వాత గుర్తు చేసుకున్నది. చిన్న సంగతులే. కాని ఇవి కర్మాగారంలో కూలీలు బేరమాడే తీరుకు దగ్గరగా వున్నాయి. పని చేస్తాను, దెబ్బ తినను. నటన అమ్ముతాను, చెంప అమ్మను. నా విద్యార్థిని అడిగిన ప్రశ్నకు మొదటి జవాబు ఇక్కడ దొరుకుతుంది. ఆమెకు తెలుసు. హాలులో కూర్చుని నవ్విన మనకంటె ముందే, మనకంటె బాగా తెలుసు.

ఇక ఆమె జీవితంలో నన్ను అన్నిటికంటె ఎక్కువ ఆలోచింపజేసిన ఘట్టానికి వస్తాను. దాసి వేషాలు మానుకున్నాక ఆమెకు సినిమాలలో పని దొరకడం కష్టమయింది. 1950 తర్వాత కొంతకాలం టెలివిజన్‌లో 'బ్యూలా' అనే ధారావాహికలో చేసింది. ఆ తర్వాత బతకడానికి చేయని పని లేదు. దుకాణంలో సరుకులు అమ్మింది, ఫ్యాక్టరీలో పనిచేసింది, హోటల్లో వడ్డించింది. పరుల ఇళ్ళల్లో పనిమనిషిగా కూడా పనిచేసింది. తెరమీద దాసిగా నటించనన్న మనిషి, వీధి చివర ఇంట్లో నిజంగా దాసిగా పనిచేసింది.

ఇదేమి విడ్డూరమని కొందరు నవ్వవచ్చు. నాకు ఇందులో గొప్ప తర్కం కనిపిస్తోంది. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు తమ శ్రమను అమ్ముకుంటారు. జీతం తక్కువ కావచ్చు, ఇంటివాళ్ళ మాట కటువు కావచ్చు. కాని అక్కడ అమ్ముడయ్యేది రెండు చేతుల పని. తెరమీద దాసి వేషంలో అమ్ముడయ్యేది శ్రమ ఒక్కటే కాదు. ఒక జాతి మొత్తం పోలిక. ఆ పోలిక డబ్బాలలోకెక్కి ఊరూరా తిరుగుతుంది. నటి చనిపోయినా అది చనిపోదు. గిన్నెలు తోమినందువల్ల మేసన్ పట్టణంలో ఏ కుర్రవాడూ సిగ్గుతో కుంచించుకుపోడు. పనిమనిషిగా వుండటంలో అవమానం లేదు. పనిమనిషి అంటే బుద్ధిలేనిదని లోకానికి చూపించడంలో అవమానం వుంది. ఆమె తన మనసులో ఇలాగే వాదించుకున్నదని నేను అనడంలేదు. ఆమె చేసిన పనిని బట్టి నేను చేసుకున్న అన్వయమిది. శ్రమకు గౌరవం వుండాలని ఉపన్యాసాలిచ్చే మనం శ్రమ చేయడానికీ, శ్రమను వెక్కిరించడానికీ మధ్య వున్న ఈ తేడాను ఇంత స్పష్టంగా ఎప్పుడైనా గుర్తించామా?

అలాగని వేషం మానుకున్నవారే ధీరులు, మానుకోనివారు పిరికివారు అన్న నిర్ణయానికి రావడం మరొక తొందరపాటు. అదే చిత్రంలో ముసలి దాది పాత్ర వేసిన హ్యాటీ మెక్‌డేనియల్‌ను చూడండి. 1939 డిసెంబరులో అట్లాంటాలో ఆ చిత్రాన్ని మొదటిసారి ప్రదర్శించినపుడు, ఆ హాలు తెల్లవారిది గనుక నల్లజాతి నటీనటులెవరూ వెళ్ళలేకపోయారు. 1940 ఫిబ్రవరి 29న ఆమెకు ఆస్కార్ బహుమతి ఇచ్చారు. ఆ బహుమతి పొందిన మొదటి నల్లజాతి వ్యక్తి ఆమె. ఆ రాత్రి కూడా ఆమెను తక్కిన తారాగణంతో గాక విడిగా ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆమె చివరిదాకా దాసి వేషాలు వేసింది. 1942లో నల్లజాతి హక్కుల సంఘం నాయకుడు వాల్టర్ వైట్ హాలీవుడ్ నిర్మాతలను కలిసి పాత్రల తీరు మార్చాలని కోరినపుడు, ఆమె వంటివారికి కోపం వచ్చింది. తమ అన్నం గురించి తమను అడగకుండా మాట్లాడుతున్నారని వాళ్ళ బాధ. అదే మెక్‌డేనియల్, లాస్ ఏంజెలిస్‌లో నల్లవారు ఫలానా వీధిలో ఇల్లు కొనరాదన్న ఒప్పందాలమీద జరిగిన దావాలో నిలబడి పోరాడింది. 1945లో ఆ దావా నల్లవారి పక్షాన తేలింది. తెరమీద వంగిన నడుము న్యాయస్థానంలో నిటారుగా నిలిచింది. మనిషిని ఒక్క పాత్రతో, ఒక్క నిర్ణయంతో తూచడానికి వీలులేదని ఈ రెండు జీవితాలూ పక్కపక్కన నిలబడి చెబుతున్నాయి.

ఐతే బాధ్యతను ఎలా కొలవాలి? నాకు తోచిన కొలత ఒకటి చెబుతాను. కాదనడానికి ఎవరు ఎంత వెల చెల్లించవలసి వుంటుందో, వారి బాధ్యత అంత తగ్గుతుంది. నిర్మాత డేవిడ్ సెల్జ్‌నిక్ ప్రిస్సీ పాత్రను మార్చదలచుకుంటే ఆయనకు ఖర్చయ్యేది నాలుగు కాగితాలు. దర్శకుడికి ఒక పూట పని. బటర్‌ఫ్లై కాదంటే ఆమెకు పోయేది జీవనోపాధి. పోయింది కూడా. కాదనడం ఎవరికి చౌకో వారినే మొదట ప్రశ్నించాలి. ఆ వరసలో చిట్టచివర నిలిచే పేరు నటిది. ఆమెకు కొంచెం ముందు ప్రేక్షకుల పేర్లు వుంటాయి. నవ్వకుండా వుండడానికి మనకు పైసా ఖర్చు లేదు గదా!

ఇప్పుడు ప్రిస్సీ దగ్గరకు తిరిగి వద్దాం. కాన్పు దృశ్యానికి ముందు చిన్న ఘట్టం వుంది. వైద్యుణ్ణి పిలుచుకురమ్మని పంపితే ప్రిస్సీ వెళ్ళి, పాట పాడుకుంటూ, తాపీగా, ఒంటరిగా తిరిగి వస్తుంది. స్కార్లెట్ గుమ్మం దగ్గర నిలబడి అల్లాడిపోతుంటుంది. ఆ నడక చూసి కూడా మేము నవ్వాము. కాని కథాకాలం 1864. లింకన్ విమోచన ప్రకటన వెలువడి ఏడాది దాటింది. నగరాన్ని ముట్టడించినది షెర్మన్ సైన్యం. ఆ సైన్యం ఊళ్ళోకి వస్తే స్కార్లెట్‌కు ఇల్లు పోతుంది, ప్రిస్సీకి సంకెల పోతుంది. అటువంటి వేళ ఆ పిల్ల యజమానురాలికోసం పరుగెందుకు తీయాలి? పని నెమ్మదిగా చేయడం, పనిముట్లు విరగ్గొట్టడం, తెలిసినా తెలియనట్లు నటించడం బానిసలు రోజూ ప్రయోగించిన ఆయుధాలని చరిత్రకారులు రాశారు. ఇంకొక సంగతి. ఆ దక్షిణ రాష్ట్రాలలో నల్లవారి కాన్పులూ, చాలాచోట్ల తెల్లవారి కాన్పులూ కూడా చేసినది నల్లజాతి మంత్రసానులు. ఎవరి విద్యవల్ల యజమానుల పిల్లలు భూమిమీద పడ్డారో, వాళ్ళకే కాన్పు తెలియదని చూపించి నవ్వించడం ఆ చిత్రం చేసిన అబద్ధాలలో పెద్దది. ఆ అబద్ధం రాసినది నటి కాదు. కాని ఆ నెమ్మది నడక మాత్రం ఆమెది. అందులో ఆమె ఎంత ఉద్దేశించిందో చెప్పలేము. చూడదలచుకున్నవారికి అక్కడ ఇంకొక కథ కనిపిస్తుంది.

ఆమె మిగతా జీవితం క్లుప్తంగా చెబుతాను. చదువు ఆపకుండా, 1975లో, అరవైనాలుగేళ్ళ వయసులో, న్యూయార్కు సిటీ కాలేజీలో రాజనీతిశాస్త్రంలో పట్టా పుచ్చుకున్నది. 1979 ఏప్రిల్‌లో ఒక బస్సు స్టేషనులో కాపలావాళ్ళు ఆమెను జేబుదొంగ అనీ, దిక్కులేని తిరుగుబోతు అనీ నిందించారు. ఆమె దావా వేసింది. 1983లో జూరీ ఆమెకు అరవైవేల డాలర్లు ఇప్పించింది. ప్రిస్సీని చూసి నవ్విన దేశం వీధిలో కనిపించిన ముసలి నల్లస్త్రీని ఏ కళ్ళతో చూసిందో ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. ఆమె నాస్తికురాలు. ఆ మాట దాచుకోలేదు. 1989లో ఆ చిత్రం యాభై ఏళ్ళ పండుగకు అట్లాంటా వెళ్ళి గౌరవం అందుకున్నది కూడా. ద్వేషించిన వేషంతోనే లోకం తనను గుర్తుపెట్టుకున్నదని ఆమెకు తెలుసు. ఆ గుర్తింపును పూర్తిగా పారేయలేదు, దానికి పూర్తిగా లొంగనూ లేదు. ఈ చిక్కును విడదీసి చూపించే సూత్రం నా దగ్గర లేదు. 1995 డిసెంబరులో జార్జియా రాష్ట్రంలోని ఆగస్టాలో, కిరసనాయిలు పొయ్యి అంటించబోయి, ఒళ్ళు కాలి చనిపోయింది. తన దేహాన్ని వైద్యశాస్త్రానికి ఇచ్చిపోయింది.

ఈ సంగతులన్నీ పోగుచేసుకున్నాక, ఆ విద్యార్థినిని పిలిచి చెప్పాను. ఆమెకు తెలుసమ్మా, తెలిసే చేసింది, తెలిసే మానేసింది అన్నాను. నెమ్మది నడక గురించి కూడా చెప్పాను. ఆ అమ్మాయి ఆశ్చర్యపడలేదు.

"మా అమ్మ కూడా పనిచేసే ఇళ్ళల్లో ఏమీ తెలియనట్టే వుంటుంది సార్. ఇంటికొచ్చాక అలా వుండదు" అన్నది.

ఈ ఏడాది ఆ చిత్రం మళ్ళీ చూపిస్తాము. చూపించకపోవడం కంటె చూపించి మాట్లాడుకోవడమే మంచిదని నా నమ్మకం. కాని ఈసారి చిత్రం మొదలుపెట్టే ముందు బటర్‌ఫ్లై మెక్వీన్ పేరు నల్లబల్లమీద రాస్తాను. ఆమె చేసిన పనులన్నీ, గిన్నెలు తోమడంతో సహా, కింద వరసగా రాస్తాను. నవ్వవద్దని పిల్లలకు చెప్పను.